పది గుండీలకు ఒక నొక్కు

వెనక వాటా, కిటికీ పక్క
ఫిబ్రవరి 9

బుడంకాయా,

నువ్వు పంపిన ఫోను అందింది. తెచ్చిన మనిషి కూడా అందాడు గానీ, అంత పొడుగని నువ్వు ఒక్క ముక్క రాయలేదు. మన గుమ్మం ఎత్తు తెలియక నుదురు కొట్టుకున్నాడు. కళ్ళజోడు ఎగిరిపోయి నా చెప్పుల్లో పడింది. తడిగుడ్డ తెచ్చి పెడితే నవ్వుతున్నాడు. నాకు వినబడదని నువ్వు ముందే చెప్పావు కాబోలు, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ‘నా తలకేం కాలేదు అమ్మమ్మగారూ, మీ గుమ్మానికి దెబ్బ తగిలిందేమో చూసుకోండి’ అని రాసి చూపించాడు. ఉన్నంతసేపూ ప్రతి మాటా అలాగే రాశాడు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మీ తాతయ్య ఒక మాట రెండోసారి గట్టిగా చెప్పమంటే విసుక్కునేవాడు.

నిజం చెప్పు. ఆ కళ్ళజోడు ఆఫీసు స్నేహితుడేనా, ఇంకేమైనానా? అడిగానని కోప్పడకు. అడక్కపోతే నాకు అన్నం సయించదు.

ఫోనులో మాట నాకు ఎలాగూ బుడబుడమని తప్ప వినబడదు. ఆ చిన్న అక్షరాల మీద వేలు పెడితే పక్క అక్షరం పడుతోంది. ఉత్తరాలు మాత్రం మానకు. అతను ఈ ఊళ్ళోనే నొప్పుల సైటు నడిపే ఒకాయన్ని కలిసే పని మీద వచ్చాడట, ఆ సైటు నా ఫోనులో పెట్టి వెళ్ళాడు. ఆకుపచ్చ బొమ్మ నొక్కితే వస్తుంది. మోకాళ్ళ గురించి నాలుగు పేజీలు చదివాను. చదివాక, నాకు ఇంకో రెండు జబ్బులు కూడా ఉన్నాయేమోనని అనుమానం పట్టుకుంది.

మీ లిఫ్టు మధ్యలో ఆగిందని రాశావు. మెట్లెక్కు. స్టవ్వు కట్టేశావో లేదో రెండుసార్లు చూసుకో. అసలు నువ్వు చేసే పనేమిటని నేను చొక్కాలకి గుండీలు కుట్టే గదిలో అడిగితే చెప్పలేకపోతున్నాను. ప్రకటనలు అతికిస్తుంది అన్నాను. ‘గోడల మీదా?’ అంది దారాలు కత్తిరించే మా కత్తెరమ్మ. అప్పటి నుంచీ నువ్వు నిచ్చెన మీద ఉన్నట్టే కనబడుతున్నావు.

అమ్మమ్మ


ఆఫీసు, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 17

అమ్మమ్మా,

నిచ్చెన లేదు. కుర్చీలోనే కూర్చుంటాను. కత్తెరమ్మకి చెప్పు.

నువ్వు మోకాళ్ళ గురించి చదువుతుంటే మధ్యలో చెప్పులదో మందుదో బొమ్మ వస్తుందే, అది ఏ పేజీలో రావాలి, పేజీ నెత్తిన రావాలా, పక్కన రావాలా, రెండో పేరా తర్వాత రావాలా, ఏ మాటతో రావాలి అని చూడడం నా పని. ఎక్కువ పెడితే చదివేవాళ్ళు విసుగెత్తి పోతారు. మూల పెడితే కనబడదు. ‘తర్వాతి పేజీ’ బటను పక్కన పెడితే పొరపాటున వేలు తగిలి, తిట్టుకుంటూ వెనక్కి పోతారు. ఎవరికి కావాలో వాళ్ళ కంట, వాళ్ళకి కావలసినప్పుడు పడాలి.

ఇప్పుడు నా చేతిలో ఒక పరుపుల కంపెనీ ఉంది. ముందున్నాయన వాళ్ళ ప్రకటన ఆటల పేజీల్లో పెట్టాడు. స్కోరు చూసేవాడికి పరుపెందుకు? నొప్పుల సైటులో పెడదామన్నాను. నడుము నొప్పి అని వెతికేవాడికే కదా పరుపు గుర్తొచ్చేది. మేనేజరు నవ్వాడు, కానీ ఆరు వారాలు గడువిచ్చాడు. జనం నొక్కితే ప్రకటన ఉంటుంది. నొక్కకపోతే దాన్ని తీసేస్తారు, నన్ను పాత సీటుకి పంపేస్తారు. ప్రస్తుతానికి రోజుకి నలుగురైదుగురు కంటే నొక్కడం లేదు. ‘మేఘం లాంటి మెత్తదనం’ అని పెట్టాం. ఎవరూ పట్టించుకోలేదు.

కళ్ళజోడు సంగతి. ఎవరు నొక్కారు, నొక్కాక ఏం చేశారు అన్న లెక్కలు చూసేది అతనే. నాలుగేళ్ళుగా నా పక్క బల్ల. ఇంకేమైనానా అంటే, అవును, ఇంకేమైనానే. ఇంక అన్నం తిను.

బుడంకాయ


వెనక వాటా
ఫిబ్రవరి 24

బుడంకాయా,

తిన్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. నాకు నచ్చాడు. పొడుగు మనిషి కదా, అతని చొక్కాలకి చేతులు పొట్టివైపోతాయి, కుట్టించేటప్పుడు చూసుకో.

మేఘం మీద ఎవరు పడుకుంటారే? కింద పడరూ? నాకు పెద్ద చదువు లేదు గానీ పడుకోవడం తెలుసు. పొద్దున్న లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుని ‘అమ్మా’ అంటాను. మా గదిలో అందరినీ అడిగాను. పదకొండుమందిమీ అంటామట. కత్తెరమ్మ తల్లి పోయి అరవై ఏళ్ళు దాటింది. అయినా రోజూ పొద్దున్నే పిలుస్తుంది. అదేదో రాసుకో. పనికిరాకపోతే నవ్వుకో.

పాత సీటంటే ఆ ఏసీ కింద సీటేనా? నీకు అక్కడ చెవిపోటు వచ్చేది. నాకిదో బెంగ మొదలైంది.

అమ్మమ్మ


ఆఫీసు
మార్చి 3

అమ్మమ్మా,

నవ్వుకోలేదు. ‘లేస్తూ అమ్మా అంటున్నారా?’ అని పెట్టేశాం. పేజీ నెత్తిన కాదు, రెండో పేరా అయ్యాక, చదివేవాళ్ళకి ‘ఇది నా నొప్పే’ అనిపించే చోట. ఐదుగురు పాతికమంది అయ్యారు. కళ్ళజోడు నీ మాట కాగితం మీద రాసి మా ఇద్దరి బల్లల మధ్య అంటించాడు.

ఇంకా చాలదు. గడువు నాలుగు వారాలే ఉంది. అయినా సరదాగా ఉంది.

బుడంకాయ


గుండీల గది నుంచే
మార్చి 8

బుడంకాయా,

మన మాట కనబడింది! నడుము నొప్పి పేజీలో, నువ్వు చెప్పిన చోటే. కుట్టుపని ఆపి అందరం చూశాం. కత్తెరమ్మ చదివి, ‘ఇది నా మాట కాదూ?’ అంది. ‘నీదీ నాదీ ఏమిటి, మా పిల్లది’ అన్నాను.

ఇంక ఆ సీటు గురించి నువ్వు బెంగపెట్టుకోకు. బెంగపడే పని నాకు వదిలెయ్యి. నొక్కేవాళ్ళు దొరుకుతారు. ఎలాగని అడక్కు.

అమ్మమ్మ


ఆఫీసు
మార్చి 26

అమ్మమ్మా,

నీ నోటి వాక్కు ఫలించింది! రోజుకి మూడువందలు దాటాయి. మేనేజరు అందరినీ నిలబెట్టి నా పని చూపించాడు. చోటు ఎంచుకోవడం అంటే ఇదీ అన్నాడు. ఇంకా పెద్ద కంపెనీ పని నాకే ఇస్తాడట. మేమిద్దరం వచ్చే నెల నీ దగ్గరికి వచ్చి, పెళ్ళి మాట నీతోనే ముందు చెప్పాలనుకున్నాం. ఇదిగో, చెప్పేశాను.

ఒక్కటే చికాకు. కళ్ళజోడుకి సంతోషం లేదు. ‘ఇంతమంది నొక్కుతున్నారు, ఒక్కరూ ఆగి చదవడం లేదు. రెండు క్షణాల్లో వెనక్కి పోతున్నారు. ఇవి పరుపు కావలసినవాళ్ళ నొక్కులు కావు’ అంటాడు. ఎక్కువ నొక్కులు గొప్ప కాదట, నొక్కినవాళ్ళు కొనాలట. నాకు తెలియదా? ‘నా పని నాలుగు మెట్లెక్కితే నీకెందుకు ఏడుపు?’ అనేశాను. రెండు రోజులుగా ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం లేదు. ఇవాళ జ్వరమని సెలవు పెట్టాడు.

బుడంకాయ


వెనక వాటా
ఏప్రిల్ 2

బుడంకాయా,

పెళ్ళి మాట చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇద్దరూ చల్లగా ఉండాలి.

ఒక సంగతి అడుగుతాను, ఊరికే. ఎవరైనా ముసలివాళ్ళు, తెలియక, ఒక ప్రకటనని ఎక్కువసార్లు నొక్కారనుకో. కేసేమైనా పెడతారా? ఆ ప్రకటన పెట్టినవాళ్ళకి మాట వస్తుందా? కత్తెరమ్మ అడగమంది.

నీ నొక్కులు ఇంక తగ్గుతాయేమో. తగ్గితే తగ్గనీ. అతనితో పోట్లాడకు. అతను చెప్పింది నిజమేనేమో అనుకో. నా మాట విను, ఒక్కసారి ఊరుకో.

అమ్మమ్మ


ఇంటి నుంచి
ఏప్రిల్ 19

అమ్మమ్మా,

పోట్లాడవద్దన్నావు. ఇంక పోట్లాడటానికి ఎవరున్నారు? వెళ్ళిపోయాడు.

పరుపుల కంపెనీవాళ్ళు వచ్చి, ఇన్ని వేల నొక్కులకి ఒక్క పరుపూ కదల్లేదన్నారు. చూస్తే నొక్కులన్నీ నువ్వుండే ఊరి నుంచే. ఒకే చోటి నుంచి, మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య. నొప్పుల సైటాయన ఉండేదీ అక్కడే. ప్రతి నొక్కుకీ కంపెనీ ఆయనకి డబ్బివ్వాలి కనక, మా ఆఫీసులో ఎవరితోనో కుమ్మక్కై చేయించాడన్నారు. ఆయన్ని కలిసి వచ్చింది కళ్ళజోడు ఒక్కడే. పైగా, ఎవరికీ చెప్పకుండా ఆ నొక్కుల్ని లెక్కలోంచి కొట్టేస్తూ దొరికాడు.

మేనేజరు నన్ను పిలిచి, ‘అతను ఈమధ్య మళ్ళీ ఆ ఊరు వెళ్ళాడా?’ అన్నాడు. అంతకు ముందురోజే అతని సంచిలో నాకు మీ ఊరి బస్సు టిక్కెట్టు కనబడింది, తీసి దగ్గర పెట్టుకున్నాను. జ్వరమన్న రోజుది. నాతో కూడా జ్వరమనే చెప్పాడు అమ్మమ్మా. వెళ్ళాడని చెప్పాను. టిక్కెట్టు కూడా ఇచ్చాను.

అందరి ముందూ ‘ఎందుకు వెళ్ళావు?’ అని అడిగారు. నావైపు ఒకసారి చూశాడు. ‘చెప్పలేను’ అన్నాడు. చెప్పలేను అంటే ఏమనుకోవాలి? అట్టపెట్టెలో సామాను సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళి, ‘నాలుగేళ్ళు పక్కన కూర్చుని, నా పనినే అమ్ముకున్నావా?’ అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు. చేత్తో పట్టుకునే వెళ్ళిపోయాడు.

నీ దగ్గరికేమైనా వచ్చాడా? నీ ఫోను అడిగాడా? పిచ్చిదాన్ని, నీకు ఫోను పట్టుకోవడమే సరిగ్గా రాదు, నిన్నడుగుతున్నాను. అన్నం తిను. నాకోసం దిగులు పడకు.

బుడంకాయ


వెనక వాటా
ఏప్రిల్ 29

తల్లీ,

నొక్కింది నేనే.

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. అందరూ నన్ను ఉత్త కంగారు మనిషి అంటారు. ఈ ఆరు రోజులు పడ్డదాని ముందు నా బతుకంతా పడ్డ కంగారు ఏపాటిది?

నొక్కకపోతే నిన్ను పాత సీటుకి పంపేస్తారని రాశావు కదా. నొక్కడం ఎంతసేపు, అనుకున్నాను. మన మాట కనబడ్డ రోజునే గదిలో చెప్పాను. అందరికీ పిల్లలు కొనిచ్చిన ఫోన్లున్నాయి. పది గుండీలు కుట్టగానే ఒక నొక్కు అని లెక్క పెట్టుకున్నాం. మధ్యాహ్నం రెండింటికి యజమాని భోజనానికి పోతాడు, నాలుగింటికి వస్తాడు. ఆ రెండు గంటలూ అదే పని. రోజుకి మూడువందలు దాటాయని మేం లెక్క తేల్చుకున్న రోజున కత్తెరమ్మ, ‘రేపు నాలుగువందలు చేసి పెడదాం పిల్లకి’ అంది. అవి వట్టి నొక్కులని మాకేం తెలుసు? వెళ్ళి తలుపు తట్టినట్టే అనుకున్నాం. తట్టినందుకు ఎవరికి నష్టం?

అతను వచ్చాడు. జ్వరమని నీతో చెప్పిన రోజునే. నొక్కులన్నీ మన ఊరివని చూసి అనుమానం పట్టిందట, మధ్యాహ్నం రెండున్నరకి గుండీల గది గడపలో నిలబడ్డాడు. అందరి చేతుల్లో ఫోన్లూ చూశాడు. తర్వాత గుండీల బస్తా మీద కూర్చుని ముందు నవ్వాడు. ఆపైన ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. అప్పుడు పుస్తకం తీశాడు. ఆ కాగితాలు ఇందులో పెడుతున్నాను. ఇలా నొక్కితే ప్రకటన బాగుపడదనీ, పాడవుతుందనీ రాశాడు. ఎవరికి నిజంగా నడుము నొప్పో, మా నొక్కుల కింద వాళ్ళు కనబడకుండా పోతారని రాశాడు. నాకు అప్పుడు అర్థమైంది.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ‘మా పిల్లకి చెప్పకు నాయనా. దాని పని గొప్పని అందరి ముందూ అన్నారని నువ్వే రాశావు. అది మేమేనని తెలిస్తే తట్టుకోలేదు. నా మొహం చూడదు’ అన్నాను. ‘చెప్పకుండా ఎలా అమ్మమ్మగారూ?’ అని రాశాడు. ఆ చేతినే నా నెత్తిన పెట్టించుకుని ఒట్టేయించుకున్నాను. ‘దానికే కాదు, మీ ఆఫీసులో ఎవరికీ చెప్పకు, నామీద ఒట్టు’ అన్నాను. ఆఖరికి, ‘సరే. నొక్కడం ఆపండి. జరిగినవి మెల్లగా లెక్కలోంచి నేను తీసేస్తాను’ అని రాశాడు. ఆ కాగితమూ ఉంది చూడు, చివరిది.

ఆ రోజే ఆపేశాం. గండం గడిచిందనుకున్నాను.

అతను చెప్పలేనన్నది నా నెత్తి మీద పెట్టిన చేతి గురించి. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను, అతనికి చెప్పు. నా నెత్తి ఏమైపోతే ఏం? ఈ ఉత్తరం, కాగితాలు మేనేజరుకి చూపించు. కావలిస్తే నన్ను పిలిపించమను. వస్తాను. బస్సు ఎక్కడం నాకు భయమే, అయినా వస్తాను. ముందు అతని దగ్గరికి వెళ్ళు. వెంటనే వెళ్ళు.

అమ్మమ్మ


ఇంటి నుంచి
మే 11

అమ్మమ్మా,

మేనేజరుకి చూపించాను. రెండుసార్లు చదివాడు. అతనికి ఫోను చేసి, తప్పైపోయింది, మళ్ళీ రమ్మన్నాడు. రానన్నాడట.

నేను అతని గదికి వెళ్ళాను. పుస్తకాలు కట్టలు కడుతున్నాడు. నీ ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు. ఒట్టు గట్టున పెట్టానన్న చోట కొంచెం నవ్వాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

‘క్షమించు’ అన్నాను.

‘కోపం లేదు’ అన్నాడు. ‘మీ అమ్మమ్మగారు నన్ను రెండుసార్లు చూశారు. మాటిస్తే నిలబడతానని నమ్మారు. నువ్వు నాలుగేళ్ళు చూశావు. ఆ టిక్కెట్టు పట్టుకొచ్చి ఇదేమిటని నన్నడగొచ్చు. వాళ్ళకిచ్చావు.’

‘అడిగితే చెప్పేవాడివా?’ అన్నాను.

‘చెప్పలేననేవాణ్ణి. అప్పుడైనా టిక్కెట్టు నా చేతికే ఇచ్చేదానివేమో.’

కట్టలు కట్టడానికి తాడు పట్టుకుని సాయం చేశాను. ఇద్దరం పని చేసుకుంటున్నట్టే ఉంది. అంతా అయ్యాక, ‘ఇంక వెళ్ళు’ అన్నాడు.

నీ మీద కోపం ఉంది అమ్మమ్మా. ఎంత ఉందో నాకే తెలియదు. కానీ టిక్కెట్టు ఇచ్చింది నువ్వు కాదు. అది నాకు తెలుసు. కొన్నాళ్ళు రాయలేను. ఒంట్లో బాగాలేకపోతే మాత్రం కత్తెరమ్మ చేత ఫోను చేయించు.

బుడంకాయ


వెనక వాటా
జూలై 16

తల్లీ,

రాయలేనన్నావు, రాయలేదు. నేనూ నిన్ను కదపలేదు. రెండు నెలలు ఒక్క ముక్క రాయకుండా ఎప్పుడైనా ఉన్నానా? తింటున్నావో లేదో, ఆ మెట్లెక్కుతున్నావో లిఫ్టులోనే పోతున్నావో, ఎవరిని అడగను?

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. అతను మొదటిసారి వచ్చినప్పుడు తన చిరునామా రాసిచ్చాడు. దానికి ఉత్తరం వేశాను. చేతులు కట్టుకుని నిలబడ్డట్టే రాశాను. నన్ను ఏమన్నా అను నాయనా, పిల్లని వదలకు అని రాశాను. అది ఎక్కడెక్కడో తిరిగి అతనికి చేరింది. నిన్న జవాబొచ్చింది.

ఇంకో ఊళ్ళో, పుస్తకాల గిడ్డంగిలో పని దొరికిందట. ఏ పుస్తకం ఏ అరలో ఉందో రాసిపెట్టే పని. నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. ఆ నొప్పుల సైటులో చదివిందల్లా నమ్మవద్దన్నాడు. కత్తెరమ్మని అడిగానని చెప్పమన్నాడు. తప్పు నాది కాదని రెండుచోట్ల రాశాడు. చల్లటి మనిషి. అక్షరాలు ఇదివరకటి లాగే ముత్యాల్లా ఉన్నాయి.

నీ ఊసు లేదు.

నీకు అబద్ధం రాద్దామని పొద్దున్న కూర్చున్నాను. ‘నిన్ను అడిగాడు’ అని రాస్తే అయిపోతుంది. నాలుగు రోజులు తిండి సయిస్తుంది నీకు. రాశాను కూడా. రాశాక నా అక్షరాలు చూస్తే నాకే భయం వేసింది. నీకు బాధ తగలకూడదని దాచీ దాచీనే కదా నేను ఇంత పని చేశాను. చింపేశాను.

అతని ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను. నువ్వే చదువుకో. నాకు చూపు సరిగ్గా ఆనదు కనక ఏదైనా వదిలేశానేమోనని కత్తెరమ్మ చేత చదివించాను. వెనకేమైనా రాశాడేమోనని తిప్పి చూశాను. కవరు చింపి లోపల చూశాను. కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాను.

లేదు తల్లీ.

అమ్మమ్మ